మీమ్ తర్వాతి అక్షరం

పరీక్ష పేపర్లు దిద్దడానికి సంగారెడ్డి వెళ్ళి, పన్నెండు రోజులకు జహీరాబాద్ తిరిగి వచ్చేసరికి ఆయన లేడు. బస్సు దిగి నడిచి వస్తుంటే వాళ్ళ వీధి మలుపులో బట్టలు కుట్టే అతను మిషను ఆపి, "మీ కాక పోయిండు మేడం, శుక్రవారం పొద్దుగాల" అన్నాడు. ఇంటికి పోయి సామాను పెట్టి వద్దామా అనుకున్నాను. పోతే మళ్ళీ బయలుదేరే ఓపిక ఉండదని తెలుసు. అట్లాగే వాళ్ళింటికి వెళ్ళాను.

మంచం ఎత్తి గోడకు ఆనించి ఉంది. ఆఫీసు గుర్తింపు కార్డు మీది ఫొటోను పెద్దది చేయించి బల్ల మీద పెట్టారు. పెద్దది చేయడంలో ముఖం మసకబారింది. భుజం మీద పడ్డ రబ్బరు ముద్ర మాత్రం స్పష్టంగా ఉంది. కొడుకు కుర్చీ వేశాడు. చక్కెర కార్ఖానాలో పని చేస్తాడు, మాట తక్కువ. కాసేపు కూర్చున్నాక తనే అడిగాడు.

"వచ్చినోళ్ళందరు అడుగుతున్రు మేడం, మీ బాపు ఏం నౌకరి చేసిండని. బెలూన్లు ఏరుకొచ్చెటోడు అని చెప్తున్న. గంతేనా?"

అంతే కాదు అన్నాను. ఇంకేమిటో చెప్పమన్నట్టు నా వైపు చూశాడు. కొంచెం నీళ్ళు తాగి వచ్చేశాను. అతనికి చెప్పాల్సింది ఇప్పుడు రాస్తున్నాను.

ఆయన్ను నేను మొదట చూసింది హైదరాబాద్‌లో, డెబ్భైల మొదట్లో. డిగ్రీ అయ్యాక నేను ఒక పరిశోధన సంస్థలో చేరాను. కాస్మిక్ కిరణాలు, అంటే అంతరిక్షం నుంచి నిత్యం భూమి మీద కురిసే కణాలు, వాటిని పట్టి చూడడం అక్కడి పని. అవి గాలిలోకి దిగాక ముక్కలైపోతాయి కాబట్టి గాలి పలచబడే ఎత్తులోనే పట్టాలి. అందుకు పెద్ద పాలిథిన్ బెలూన్ కింద పరికరాల పెట్టెలు కట్టి పంపేవాళ్ళు. తెల్లవారుజామున వదిలితే ఎండెక్కే వేళకు ముప్ఫై కిలోమీటర్ల పైకి చేరేది. వేసవిలో ఆ ఎత్తున గాలి పడమటికి వీస్తుంది. హైదరాబాద్‌లో ఎగిరిన బెలూన్ అట్లా కోహీర్, జహీరాబాద్, న్యాల్‌కల్ మీదుగా కర్ణాటక వైపు సాగేది. మధ్యాహ్నం రేడియోతో తాడు తెంపితే పరికరాలు పారాచూట్‌తో కిందికి వచ్చేవి. వాటిని వెతికి తెచ్చేది ఆయన. సొంత ఊరు న్యాల్‌కల్ దగ్గర, ఇల్లు జహీరాబాద్‌లో. ఆ నేలంతా ఆయనకు తెలుసు. సంస్థలో చిన్నా పెద్దా అందరూ కాకా అనే పిలిచేవాళ్ళు. నేనూ అదే పిలిచాను.

పడింది అనేవాడు కాదు, దిగింది అనేవాడు. "డబ్బ చిరాగ్‌పల్లి ఇవుతల దిగింది సార్." బండరాయికి కొట్టుకుని చట్రం వంకరపోయినా దిగిందనే చెప్పేవాడు. జీపును ఎప్పుడూ తొందరగా నడపనిచ్చేవాడు కాదు. కొత్త డ్రైవర్లు పారాచూట్ కనిపించగానే చేలకు అడ్డం పడబోతే స్టీరింగ్ మీద చెయ్యి వేసి, "దిగినంక ఎటు పోతది? బాట మీదకెల్లి పోనియ్" అనేవాడు. పెట్టె దగ్గరికి చేరాక కూడా వెంటనే ముట్టడు. ముందు ఆ చేను ఎవరిదో అడిగేవాడు. ఆ మనిషి వచ్చేదాకా గట్టు మీద కూర్చునేవాడు. వచ్చాక, మీ చేన్లకు అడగకుండ వచ్చినం అని మొదలుపెట్టేవాడు. బెలూన్ పాలిథిన్ ఊరివాళ్ళు అప్పటికే కోసుకుపోయి ఉండేవాళ్ళు, గడ్డివాముల మీద కప్పడానికి. దాన్ని ఆయన ఎన్నడూ అడగలేదు.

ఒకసారి నేనూ జీపులో వెళ్ళాను. వద్దన్నా వినకుండా వెళ్ళాను, మైక్రోస్కోపు కింద చూసే పలకలు ఎక్కడి నుంచి వస్తాయో చూడాలని. కోహీర్ అవతల ఒక దున్నిన చేలో పెట్టె దిగింది. మేము వెళ్ళేసరికి ఒక ముసలామె దాని మీద కూర్చుని ఉంది. నా చేన్ల పడ్డది నాదే, లేవను అంది. పోలీసుల పేరు చెబుదామని డ్రైవర్ అన్నాడు. ఆయన వినలేదు. ఆమె ముందర నేల మీద కూర్చుని వానల సంగతి, ఎడ్ల సంగతి, అల్లం ధర సంగతి మాట్లాడాడు. చాలాసేపు మాట్లాడాడు. నాకు ఎండకు తల తిరుగుతోంది. చివరికి ఆమే అడిగింది.

"గిండ్ల ఏమున్నదిరా అయ్యా?"

"అద్దం పలకల సొంటియి ఉన్నయి అవ్వా. పైకి పోయి వచ్చినయి."

"పైన ఏమున్నది?"

"అది చూడనీకే పంపిన్రు. ఇంక ఎరుక గాలె."

ఆమె చీర దులుపుకుని లేచింది. "ఎరుక గానిది నాకెందుకు, తీస్కపో" అంది.

తిరుగు దారిలో డ్రైవర్ నవ్వుతూనే ఉన్నాడు. ఆయన నవ్వలేదు. ఆమె అడిగింది సరైన మాటే అన్నాడు.

పెట్టెను ఎత్తే ముందు మెటికతో రెండుసార్లు తట్టి చెవి పెట్టేవాడు, కుండ కొనేవాళ్ళు తట్టి చూసినట్టు. లోపల పలకలు విరిగితే మోతలో తెలుస్తుందని ఆయన నమ్మకం. తెలిసేదో లేదో నేను చెప్పలేను. ఆ తర్వాత తడి గోనెసంచిలో చుట్టి జీపులో నీడ పడే మూల పెట్టేవాడు. తమలపాకుల గంపలు మోసేవాళ్ళు అట్లాగే చేస్తారట. పది మైళ్ళకోసారి దిగి గోనె మీద నీళ్ళు చల్లేవాడు. మేము వాడేవి ఎమల్షన్ పలకలు, ఒక రకం ఫొటో పలకలు. వాటి మీది పూత వేడికి చెడిపోతుంది. మే నెల ఎండలో జహీరాబాద్ నుంచి హైదరాబాద్ దాకా ఆయన తెచ్చిన పలక ఒక్కటి కూడా కరగలేదు. దానికి ఆయన్ను ఎవరూ మెచ్చుకోలేదు. చెడిపోనిదాన్ని ఎవరు గమనిస్తారు.

నా పని మైక్రోస్కోపు ముందు. కణం పలకలోంచి దూసుకుపోతే, పలకను కడిగిన తర్వాత నల్లటి చుక్కల గీత ఒకటి మిగులుతుంది. చుక్కలు ఎంత దగ్గరగా ఉన్నాయో, గీత ఎంత వంకర తిరిగిందో కొలిచి అది ఏ కణమో, ఎంత శక్తితో వచ్చిందో అంచనా కట్టాలి. రోజుకు ఆరేడు గంటలు. సాయంత్రం బస్సులో కళ్ళు మూసుకున్నా చుక్కలే కనిపించేవి. మూడేళ్ళు ఆ పని చేశాను. వెతికింది ప్రతిపదార్థం కోసం. మామూలు పదార్థంతో అన్ని విధాలా సమానంగా ఉండి, విద్యుదావేశం మాత్రం తిరగబడిన పదార్థం అది. హీలియం కేంద్రకానికి ధనావేశం ఉంటుంది, ప్రతి-హీలియానికి రుణావేశం. అట్లాంటిది ఒక్కటి దొరికినా, ఎక్కడో ఆ పదార్థంతోనే తయారైన నక్షత్రాలు ఉన్నాయని అనుకోవాల్సి వస్తుంది.

ఆవేశం తెలుసుకోవడానికి మంచి దారి అయస్కాంతం. కణం అందులో ఎటు వంగిందో చూస్తే సరిపోతుంది. బెలూన్‌కు కట్టి పంపగల అంత పెద్ద అయస్కాంతం మా దగ్గర లేదు. అందుకని మా పెద్దసారు భూమినే అయస్కాంతంగా వాడుకునే పద్ధతి ఎంచుకున్నారు. భూమధ్యరేఖకు దగ్గరగా ఉన్న మన ప్రాంతంలో ధనావేశపు కణాలు పడమటి నుంచి సులభంగా వస్తాయి. తూర్పు నుంచి రావాలంటే వాటికి చాలా శక్తి ఉండాలి. రుణావేశపు కణాలకు ఇది తిరగబడుతుంది. కాబట్టి ఒక మోస్తరు శక్తితో తూర్పు నుంచి వచ్చిన హీలియం మామూలు హీలియం కాదు. అదే గీత పడమటి నుంచి వచ్చిందైతే అందులో విశేషమేమీ లేదు. అంతా దిక్కు మీద ఆధారపడి ఉంది.

ఇదంతా ఒకసారి ఆయనకు చెప్పాను. క్యాంటీన్ బయట మెట్ల మీద కూర్చుని సాసర్‌లో చాయ్ ఊదుకుంటూ విన్నాడు. "అంటే ఉల్టా హీలియం" అన్నాడు. అవునన్నాను. ఆనాటి నుంచి ఎప్పుడు కనిపించినా, "ఉల్టా దొరికిందా బిడ్డా?" అని అడిగేవాడు. కూరగాయల సంగతి అడిగినట్టే అడిగేవాడు. మా గదిలో అందరూ ఆ మాటే వాడడం మొదలుపెట్టారు. పెద్దసారు కూడా ఒకసారి నోరు జారి అన్నారు.

ఆయన నోట్‌బుక్కు గురించి చెప్పాలి. నిజాం కాలంలో బీదర్‌లో ఏడో తరగతి దాకా చదివాడు, ఉర్దూ మీడియం. తెలుగు మాట్లాడేవాడు గాని రాయడం రాదు. ఇంగ్లిష్‌లో అంకెలు, సంతకం. మిగతావన్నీ ఉర్దూలో, గుండీల డబ్బాలో దాచుకునే చిన్న పెన్సిల్ ముక్కతో. చివరి పేజీ నుంచి మొదలుపెట్టి కుడి నుంచి ఎడమకు రాసేవాడు. ఏ పెట్టె ఏ కొక్కేలకు కట్టాడో, ఏ వైపు తిప్పి కట్టాడో అన్నీ అందులో ఉండేవి. సంస్థ రికార్డులు ఇంగ్లిష్‌లో వేరే ఉండేవి కాబట్టి ఆ పుస్తకాన్ని ఎవరూ పట్టించుకోలేదు.

మా పలకల పెట్టె ఒకసారి వేరేవాళ్ళ ప్రయోగంతో కలిసి వెళ్ళింది. వాళ్ళ చట్రానికి, ఆకాశంలో గిరగిరా తిరగకుండా ఒకే దిక్కుకు నిలబెట్టే యంత్రం ఉంది. చివరి నిమిషంలో, చోటుంటే కట్టండి అని అడిగాం. ఏ కొక్కేలు ఖాళీగా ఉంటే వాటికి కట్టాడాయన. పెట్టె వాళ్ళది కాదు కాబట్టి వాళ్ళ రికార్డులో ఎక్కలేదు. దిగేటప్పుడు చట్రం రాళ్ళ మీద పడి పెట్టె ఊడిపోయింది. దూరంగా చెరుకు తోటలో దొరికింది. పలకలు బాగానే ఉన్నాయి.

ఆ పలకల్లో నాకు ఒక గీత దొరికింది. హీలియం. మేము వెతుకుతున్న మోస్తరు శక్తి. పెట్టె మీద గుర్తు గీసిన ముఖం వైపు నుంచి వచ్చింది. వారం రోజులు మళ్ళీ మళ్ళీ కొలిచాను. పెద్దసారు కొలిచారు. గుర్తు ఉన్న ముఖం తూర్పుకు ఉంటే అది ఉల్టా. పడమటికి ఉంటే మామూలు. మిగతా గీతలు లెక్కపెట్టి, ఏ వైపు నుంచి ఎక్కువ వచ్చాయో చూసి దిక్కు తేల్చలేమా అని ప్రయత్నించాం. యంత్రం నిలకడగా పనిచేసిన సేపు పడ్డవి తక్కువ. రెండు వైపులా దాదాపు సమానంగా వచ్చాయి. ఇక మిగిలింది ఆయన పుస్తకం.

పుస్తకం తీశాం. సంస్థలో ఉర్దూ వచ్చిన ఒక గుమాస్తా చదివి పెట్టాడు. ఉర్దూలో తూర్పు మష్రిక్, పడమర మగ్రిబ్. రెండూ మీమ్ అనే అక్షరంతోనే మొదలవుతాయి. ఆయన ఎప్పుడూ మొదటి రెండక్షరాలు కలిపి రాసేవాడు. మీమ్ పక్కన షీన్ ఉంటే తూర్పు, గైన్ ఉంటే పడమర. అన్ని పేజీల్లోనూ అట్లాగే ఉంది. మా పెట్టెకు ఎదురుగా మాత్రం మీమ్ ఒక్కటే ఉంది. దాని నుంచి తర్వాతి అక్షరంలోకి సాగాల్సిన చిన్న గీత ఒకటి ఉంది. ఆ గీత అక్కడే ఆగిపోయింది. షీన్ అయినా, గైన్ అయినా మొదట అదే గీత గీయాలని గుమాస్తా చెప్పాడు.

ఆ వారం ఆయన సెలవులో ఉన్నాడు. పుస్తకం పట్టుకుని నేను జహీరాబాద్ బస్సెక్కాను. పెద్దసారు పంపలేదు, ఆపనూ లేదు. "ఆయన తూర్పు అంటే చాలు, మిగతాది నేను రాస్తాను" అన్నారు. దారంతా నాకు అనుమానమే లేదు. అడిగితే చెబుతాడు. చెబితే మూడేళ్ళ పని ఒక కొలిక్కి వస్తుంది, అచ్చయిన వ్యాసంలో నా పేరు ఉంటుంది, చదువు కొనసాగించడానికి దారి దొరుకుతుంది. మా ఇంట్లో అప్పటికే నన్ను ఆ పని మానిపించాలని చూస్తున్నారు.

మధ్యాహ్నం వాళ్ళింటికి చేరాను. ఆయన భార్య జొన్నరొట్టె పెట్టింది. నేను తినేదాకా ఆయన ఏమీ అడగలేదు. తర్వాత పుస్తకం తెరిచి ఆ పేజీ చూపించాను. కళ్ళద్దాలు తుడుచుకుని చూశాడు. వాకిట్లోకి తీసుకుపోయి వెలుతురులో చూశాడు.

"మీమ్" అన్నాడు.

"మీమ్ అని ఎరుకే కాకా. దాని తర్వాత ఏంది?"

చాలాసేపు ఆ పేజీనే చూశాడు. ఆనాడు గాలి లేస్తోందని, తొందరగా కట్టమని అందరూ అరుస్తున్నారని చెప్పాడు. పెట్టె కట్టి పుస్తకం తీశాడు. రాస్తుండగా జీపు హారన్ మోగింది.

"హారన్ కొట్టింది ఎవరో యాదికున్నది. ఎన్నిసార్లు కొట్టిండో కూడ యాదికున్నది. నేనేం రాయబోయిన్నో యాదికి లేదు బిడ్డా."

మామూలుగా ఏ వైపు కడతారని అడిగాను. ఎక్కువసార్లు మష్రిక్ వైపే అన్నాడు. మరి ఇప్పుడూ అదే అయి ఉంటుంది కదా అన్నాను.

"ఎక్కువసార్లు అంటే ఈసారి అని గాదు."

నేను ఊరుకోలేదు. కొక్కేలు ఎటువైపు ఖాళీగా ఉన్నాయో గుర్తు చేసుకోమన్నాను. సూర్యుడు ఎటున్నాడో, మీ నీడ ఎటు పడిందో అడిగాను. అప్పటికింకా సూర్యుడు రాలేదన్నాడు. నాకు ఏడుపొచ్చింది. మూడేండ్లు కాకా, అన్నాను. ఆయన భార్య లోపలి నుంచి వచ్చి గుమ్మంలో నిలబడి, ఆ పిల్ల అంత దూరం నుంచి వచ్చింది, చెప్పరాదా అంది. దానికి ఆయన కన్నడంలో ఏదో అన్నాడు. కోపం వస్తే ఆయనకు కన్నడమే వచ్చేది. ఆమె లోపలికి వెళ్ళిపోయింది.

తర్వాత నెమ్మదిగా నాతో అన్నాడు. "నేను మష్రిక్ అంటే నువ్వు రాస్తవు. నువ్వు రాస్తే సారు అచ్చు వేపిస్తడు. ఆడికెల్లి అందరు చదువుతరు. దేశాలోళ్ళు చదువుతరు. నిజమేనా అని నన్ను అడగనీకి మల్ల ఒక్కడు కూడ రాడు. ఇప్పుడు నువ్వొక్కదానివే అడుగుతున్నవు. యాదికి లేదు. గట్లనే రాయి."

"ఒక్క అక్షరం కాకా. ఒక్క అక్షరం రాయక అంత ఖరాబు చేసిన్రు."

"అవును" అన్నాడు.

ఇంకేమైనా అంటాడని చూశాను. క్షమించమని గాని, హారన్ కొట్టినవాడిదే తప్పని గాని. ఆయన అనలేదు. పుస్తకాన్ని రెండు చేతులతో నాకు తిరిగి ఇచ్చాడు. బస్సు దాకా వచ్చాడు. నేను మాట్లాడలేదు.

రిజిస్టర్‌లో ఆ గీతకు ఎదురుగా దిశ తెలియదు అని నా చేత్తోనే రాశాను. పెద్దసారు ఒక నిట్టూర్పు విడిచి, అట్లాగే ఉంచు అన్నారు. ఆ తర్వాత మరి కొన్నిసార్లు పలకలు పంపాం. ఏమీ దొరకలేదు. దొరకలేదు అన్నది కూడా ఫలితమే, దాన్నీ అచ్చు వేస్తారు. దానివల్ల ఎవరి బతుకూ మారదు. ఆ ఏడాది చివర నేను మానేశాను.

మానేసే లోపల చూసింది ఒకటి ఉంది. ఆయన తెలుగు రాయడం నేర్చుకున్నాడు. తెలుగంటే రెండే మాటలు. తూర్పు, పడమర. ప్రతి పెట్టె మీదా ఎర్ర రంగుతో, నాలుగు వేళ్ళ ఎత్తున రాసేవాడు. తూర్పు రాయడం ఆయనకు ఎన్నడూ సరిగ్గా రాలేదు. తుర్పు అని రాసేవాడు. దీర్ఘం పెట్టమని ఒకసారి ఎవరో చెబితే, పెట్టకపోతే పడమర అయితదా అని అడిగాడు. కాదన్నారు. అయితే ఉండనియ్ అన్నాడు.

కొన్నేళ్ళకు నాకు జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పే ఉద్యోగం వచ్చింది. వేసిన ఊరు జహీరాబాద్. ఆ కాగితం చూసినప్పుడు నాకు సంతోషం కలగలేదు. ఊళ్ళో చేరిన నెల రోజులకు బజారులో ఎదురుపడ్డాడు. నన్ను చూసి ఆగాడు. నేను ముందు మాట్లాడతానేమోనని నిలబడ్డాడు. నేనే మాట్లాడాను. ఇల్లు దొరికిందా, నీళ్ళు వస్తున్నాయా అని అడిగాడు. నీళ్ళు రావడం లేదన్నాను. మర్నాడు పొద్దున్నే పానా తెచ్చుకుని వచ్చి నల్లా బాగుచేసిపోయాడు. ఆ మీమ్ సంగతి ఇద్దరమూ ఎత్తలేదు. తర్వాత ఏళ్ళ తరబడి ఎత్తలేదు.

రిటైరయ్యాక ఆయన ఆదివారాలు మా ఇంటికి వచ్చేవాడు. నా దగ్గరికి వచ్చే పత్రికల్లో సైన్సు వార్తలు ఏమున్నాయని అడిగేవాడు. బయటి దేశంలో బెలూన్‌కు పెద్ద అయస్కాంతం కట్టి పంపి ప్రతి-ప్రోటాన్లు చూశారని చదివినప్పుడు చెప్పాను.

"ఉల్టా దొరికిందన్నట్టు" అన్నాడు.

అది హీలియం కంటే చిన్న కణమని చెప్పాను. మామూలు కిరణాలు దారిలో గాలి ధూళికి కొట్టుకున్నా ప్రతి-ప్రోటాన్ పుడుతుంది, దానికోసం ఉల్టా నక్షత్రాలు అక్కర్లేదు. ఉల్టా హీలియం అట్లా పుట్టడం చాలా అరుదు. ఆయన, "వాళ్ళు అయస్కాంతం మోసుకపోయిన్రు. మనం భూమిది వాడుకుంటిమి" అన్నాడు. అందులో ఫిర్యాదు లేదు. ఎవరి సామాను ఎంతో చెప్పినట్టు అన్నాడు.

మరోసారి, ఉపగ్రహంలో పరికరం పెట్టి ఏళ్ళ తరబడి వెతకాలని అనుకుంటున్నారని చెప్పాను. ఉపగ్రహం భూమి చుట్టూ తిరుగుతూ ఉంటుందంటే, "మరి దానికి తూర్పు ఎటు?" అని అడిగాడు. అయస్కాంతం వెంట ఉంటే తూర్పుతో పని లేదని, కణం వంగిన వైపు చూస్తే చాలని చెప్పాను. "దిక్కు రాసిపెట్టెటోడు అక్కర్లేదు" అన్నాడు. అవునని తలూపాను. చాయ్ తాగి వెళ్ళిపోయాడు.

ఈ వేసవిలో ఆయన్ను దవాఖానలో చేర్చారు. ఊపిరితిత్తుల్లో నీరు. నేను సంగారెడ్డి వెళ్ళాల్సిన రోజు పొద్దున చూడ్డానికి వెళ్ళాను. కొడుకు మందుల కోసం బయటికి పోయాడు. ఆయన దిండుకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. పడుకుంటే ఊపిరి అందదు. రెండు మాటలకోసారి ఆగుతున్నాడు.

"కాయితం ఉన్నదా?" అని అడిగాడు.

ఇంటి సంగతులేవో రాయించాలనుకుంటున్నాడేమోనని ఒక కాగితం తీసి పైన తేదీ వేశాను.

"రాయి. మష్రిక్."

నాకు అర్థం కావడానికి కొంత సమయం పట్టింది. ఆయన మళ్ళీ చెప్పాడు. "ఆ డబ్బ. గుర్తున్న మొఖం మష్రిక్ దిక్కే పెట్టిన. నేను చెప్పిన అని రాయి. దస్కత్ చేస్త."

ఆ మాట కోసం ఒకప్పుడు నేను ఆయన వాకిట్లో ఏడ్చాను. ఇప్పుడు దానితో చేయగలిగింది ఏమీ లేదు. పెద్దసారు రిటైరై వెళ్ళిపోయారు. పలకల మీది గీతలు ఇన్నేళ్ళకు వెలిసిపోయి ఉంటాయి. అయినా నా చెయ్యి కాగితం మీదికి వెళ్ళింది. అది దాచడం ఎందుకు. పెన్ను ఆనించాక ఆగాను.

"యాదికొచ్చిందా కాకా?"

ఆయన కాగితం వైపే చూస్తున్నాడు.

"హారన్ మోగకముందు ఏం రాయబోయిన్రో, అది యాదికొచ్చిందా?"

పక్క మంచం మీది మనిషి దగ్గుతున్నాడు. అది ఆగేదాకా ఆయన ఎదురు చూశాడు. "నీకు కావాలె గద బిడ్డా" అన్నాడు.

పెన్ను మూత పెట్టాను. వద్దన్నాను.

"ఆనాడు అడిగితివి."

"అడిగిన. యాదికి లేదని మీరు చెప్పిన్రు. నేను గట్లనే రాసిన. అది సరిగ్గనే ఉన్నది కాకా."

"సరిగ్గనే ఉన్నదా?"

"ఉన్నది."

ఆ మాటకు ఆయన ముఖం తేటపడిందని రాస్తే బాగుంటుంది. అట్లాంటిదేమీ జరగలేదు. నొప్పి వచ్చినట్టు ముఖం పెట్టి, దిండు మీద కొంచెం పక్కకు జరిగాడు. జరగడానికి సాయం చేశాను. కళ్ళు మూసుకునే, "ఇగ పో, బస్సు పోతది" అన్నాడు.

వచ్చేశాను. బస్సు స్టాండ్‌లో సంగారెడ్డి బస్సు నిలబడే ఉంది. డ్రైవర్ ఇంకా రాలేదు. నేను ఎక్కి కూర్చున్న తర్వాత అరగంట దాకా అది కదలలేదు.